మిట్టమధ్యాహ్నం మంచె దిగొద్దు: నవంబర్‌లో వైట్‌టెయిల్ వేట, మొదటి నుంచి చివరి దాకా

నేను వేట మొదలుపెట్టిన మూడో ఏడాది సంగతి. నవంబర్ రెండో శనివారం, ఒహాయో ఆగ్నేయ కొండల్లో చీకటితోనే మంచె ఎక్కాను. పదిన్నర దాకా ఉడతలు తప్ప ఏమీ కనపడలేదు. కాలివేళ్లు మొద్దుబారాయి. దిగి, ఊళ్లోకెళ్లి కాఫీ తాగి, రెండింటికి తిరిగొచ్చాను. సాయంత్రం కూడా ఏమీ రాలేదు. ఇంటికొచ్చి, జంతువు కదలగానే దానంతటదే ఫొటో తీసే ట్రెయిల్ కెమెరా కార్డు ల్యాప్‌టాప్‌లో పెడితే 11:52కి తీసిన ఫొటో ఒకటి కనపడింది. బలిసిన మెడ, ఎనిమిది మొనల కొమ్ములు, ముక్కు నేలకానించి, నేను దిగిన నిచ్చెన పక్క నుంచే పోతోంది ఒక బక్.

పొద్దున, సాయంత్రం కూర్చోవాలని ఎవరైనా చెబుతారు. ఎద కాలంలో పది నుంచి రెండు దాకా ఉండే ఆ నాలుగు గంటల్ని ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను కొలంబస్ దగ్గర ఉంటాను కాబట్టి ఉదాహరణలన్నీ ఒహాయోవే. వైట్‌టెయిల్ అంటే తోక అడుగు తెల్లగా ఉండే అమెరికా జింక. మగదాన్ని బక్ అనీ, ఆడదాన్ని డో అనీ ఇక్కడి వాడుకనే పాటిస్తాను.

ముందు కాగితాలు

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పినో కణుజునో వేటాడితే జైలే. అమెరికాలో వైట్‌టెయిల్ వేట చట్టబద్ధం. జింకల సంఖ్యను అదుపులో ఉంచడానికి రాష్ట్ర ప్రభుత్వాలే లైసెన్సులిచ్చి వేటాడిస్తాయి. ఆ తేడా మనసులో పెట్టుకుని, ఇక్కడి రూల్స్‌ని తు.చ. తప్పకుండా పాటించాలి.

కొత్తవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అది చేయకుండా మొదలుపెట్టాలంటే, అనుభవమున్న మనిషి వెంట ఉండేలా అప్రెంటిస్ లైసెన్స్ తీసుకోవచ్చు. ఒహాయోలో లైసెన్స్ ఒక్కటే చాలదు, జింక పర్మిట్ విడిగా కొనాలి. కొమ్ములున్న జింక సీజన్ మొత్తానికి ఒక్కటే. ప్రైవేటు భూమిలో వేటాడాలంటే యజమాని నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి, నోటిమాట చెల్లదు.

హెచ్-1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉన్నా, వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిందాన్ని నమ్మి తుపాకీ ముట్టుకోవద్దు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే ఏదైనా. నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా క్రాస్‌బోతోనే, అంటే ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లుతోనే వేటాడాను. ఫెడరల్ చట్టం లెక్కలో అది తుపాకీ కాదు. పైగా ఒహాయోలో విల్లు సీజన్ సెప్టెంబర్ చివర మొదలై ఫిబ్రవరి తొలి రోజుల దాకా ఉంటుంది. ఎద కాలం మొత్తం అందులోనే వస్తుంది, అసలు తుపాకీ వారం థాంక్స్‌గివింగ్ తర్వాతే. నవంబర్ మధ్యలో పిల్లల కోసం ఒక శని, ఆదివారాలు తుపాకీ వేట పెడతారు. ఆ రెండు రోజులూ విల్లు పట్టినవాళ్లు కూడా ఆరెంజ్ జాకెట్టో వెస్టో వేసుకోవాల్సిందే.

మధ్యాహ్నమే ఎందుకు

జింకలు ఎదకొచ్చే సమయాన్ని పగటి పొద్దు తగ్గడం నిర్ణయిస్తుంది. చలి ముందొచ్చినా ఆలస్యమైనా తేదీ పెద్దగా మారదు. ఒహాయోలో ఎక్కువ డోలు నవంబర్ మధ్యలో చూడి కడతాయి. సుమారు 200 రోజుల తర్వాత, అంటే మే చివర, జూన్‌లో పిల్లలు పుడతాయి. ఒక్కో డో ఎదలో ఉండేది ఒకటి, ఒకటిన్నర రోజులు మాత్రమే. అప్పుడు కట్టకపోతే మళ్లీ 28 రోజులకు ఎదకొస్తుంది. ఇంట్లో గేదెల్ని చూసినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఇక బక్ వైపు నుంచి చూడండి. డోలు పొద్దున మేసి, తొమ్మిది పది అయ్యేసరికి ఏ ముళ్లపొదల్లోకో చేరి నెమరేస్తూ పడుకుంటాయి. ఎదకొచ్చినదాని కోసం తిరిగే బక్‌కి అప్పుడే పని సులువు, ఎందుకంటే అన్నీ ఒకచోట కదలకుండా ఉన్నాయి. అది పొదలోకి దూరదు. పొదకు గాలి దిగువన, అంటే పొద మీదుగా వీచిన గాలి పోయే వైపు, అంచు వెంబడి నడుస్తూ లోపల ఉన్నవాటన్నిటి వాసనా ఒక్క చుట్టులో పట్టేస్తుంది. ఏదీ ఎదలో లేదని తేలితే తర్వాతి పొదకు పోతుంది. మధ్యాహ్నం కనపడే పెద్ద బక్‌లు దాదాపు అన్నీ ఇలా పొద నుంచి పొదకు పోయేవే. అందుకే మొక్కజొన్న చేను గట్టున కూర్చున్నవాడికి ఆ టైంలో ఏమీ కనపడదు.

ఇంకో కారణం మనమే. ప్రభుత్వ అడవుల్లో శనివారం పదిన్నర, పదకొండుకి సగం మంది మంచెలు దిగి పార్కింగ్ వైపు నడుస్తారు. వాళ్ల అలికిడికి జింకలు లేచి కదులుతాయి. మీరు కదలకుండా కూర్చుంటే వాళ్లు మీ కోసం అడవిని తోలినట్టే.

పౌర్ణమి రోజుల్లో మధ్యాహ్నం బాగా తిరుగుతాయని చాలామంది నమ్ముతారు. జీపీఎస్ కాలర్లు కట్టి చేసిన పరిశోధనల్లో చంద్రుడి ప్రభావం చెప్పుకోదగ్గంతగా తేలలేదు. నేను చంద్రుణ్ని చూసి సెలవు పెట్టను, చలిగాలి ఎప్పుడొస్తుందో చూసి పెడతాను. చలికోటు తొడుక్కున్న జింక 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో తిరగడానికి బద్ధకిస్తుంది. ముందురోజు కంటే 15, 20 డిగ్రీలు పడిపోయిన రోజు మాత్రం పగలంతా తిరుగుతుంది.

ఏ రోజులు

అక్టోబర్ చివరి వారంలో బక్‌లు కొమ్మ కింద నేల గీరి స్క్రేపులు చేస్తుంటాయి. పగలు కదలిక ఇంకా తక్కువ. నవంబర్ 3 నుంచి 12 వరకూ వెతుకులాట, తరుములాట. మధ్యాహ్నపు వేటకు నేను దాచుకునే సెలవులు ఇవే. తర్వాత వారం రోజులు పెద్ద బక్‌లు ఒక్కసారిగా మాయమవుతాయి. దొరికిన డోని పట్టుకుని, ఎవరూ చూడని చిన్న గుబురులో ఒకటి రెండు రోజులు ఉండిపోతాయి. దీన్నే ఇక్కడ లాక్‌డౌన్ అంటారు. 20 దాటాక మిగిలిన ఒకటీ అరా డోల కోసం మళ్లీ రోడ్డెక్కుతాయి. ముసలి బక్‌లు మధ్యాహ్నం దొరికేది ఎక్కువగా ఆ రోజుల్లోనే, కానీ అప్పటికి చాలామందికి ఓపికా సెలవులూ అయిపోతాయి.

దీపావళి కూడా ఒక్కోసారి సరిగ్గా ఈ వారంలోనే పడుతుంది, 2023లో నవంబర్ 12న వచ్చింది. ఇంట్లో ఆ చర్చ ఆగస్టులోనే తేల్చుకోండి.

డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్లు ఈ తేదీల్ని గుడ్డిగా తీసుకోవద్దు. దక్షిణ టెక్సస్‌లో ఎద కాలం డిసెంబర్‌లో, అలబామాలో చాలా చోట్ల జనవరిలో వస్తుంది.

చోటు ఎంచుకోవడం

సగం పని ఇదే, కాబట్టి తొందరపడొద్దు.

ముందు ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్, ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ గీతలు రెండూ తెరిచి డోలు పడుకునే పొదలు వెతకండి. ఒహాయోలోని జలెస్కీ, వేన్ లాంటి అడవుల్లో ఐదు నుంచి పదేళ్ల కింద చెట్లు కొట్టేసిన చోట్లు ముళ్లూ మొలకలతో దట్టంగా పెరుగుతాయి. పాడుబడ్డ పొలాల్లో అడవి గులాబీ, హనీసకుల్ పొదలుంటాయి. చలి ఉదయాల్లో ఎండ తగిలే దక్షిణపు వాలుల్ని కూడా వదలొద్దు. సెప్టెంబర్‌లో ఒకసారి నడిచి నిర్ధారించుకోండి. ఆకుల మీద కోడిగుడ్డు ఆకారంలో అణిగిన పడకలు, చిన్నా పెద్దా కలిసి నాలుగైదు ఒకే చోట ఉంటే అది డోల గుంపు పడక. పెద్దది ఒక్కటే ఉంటే బహుశా బక్‌ది.

అలాంటి పొదలు రెండు దొరికాక, వాటి మధ్య బక్ ఏ దారిన నడుస్తుందో ఊహించాలి. నిటారుగా ఎక్కడం, దిగడం దానికీ ఇష్టం ఉండదు. రెండు మిట్టల మధ్య గట్టు వంగిన కనుమ, వాగు ఒడ్డు తెగి దాటడానికి వీలైన చోటు, లోతైన గండి మొదలయ్యే తల, ఇలాంటి చోట్ల దారులన్నీ ఒక్కటవుతాయి. నాకు వీటిలో గండి తల మీద గురి ఎక్కువ. గండి గోడలు నిలువుగా ఉంటాయి కాబట్టి రెండు వైపుల నుంచి వచ్చే జింకలూ పైకొచ్చి తల చుట్టూ తిరిగి పోవాల్సిందే. కొండవాలు మీదైతే గాలి చాటున్న వైపు, ఎత్తులో పైమూడో వంతు దగ్గర అడ్డంగా ఒక కాలిబాట కనపడుతుంది. గట్టు మీద నుంచి వచ్చే గాలినీ, కింద నుంచి ఎండకు పైకి లేచే గాలినీ అక్కడ నిలబడి ఒకేసారి వాసన చూడొచ్చు, అందుకే బక్‌కి ఆ బాటంటే ప్రీతి.

గాలి

కాగితం మీద గీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గాలి వాయవ్యం నుంచి వీస్తోందనుకోండి. బక్ పొదకు ఆగ్నేయపు అంచు నుంచి 20, 30 గజాల దూరంలో నడుస్తుంది. మీ మంచె ఆ బాటకు ఇంకో 20, 25 గజాలు ఆగ్నేయంగా ఉండాలి. అప్పుడు దాని ముక్కు పొద వైపు, మీ వాసన దాని వెనక వైపు. ఇక మీ వాసన పోయే ఆగ్నేయం వైపు ఏముంది? వాగో, నిటారు పల్లమో, ఖాళీ బయలో ఉంటే మంచిది. అటు నుంచి కూడా జింకలొచ్చే చోటైతే ఆ చెట్టు వదిలేయండి, ఎంత బాగున్నా సరే.

ఎండెక్కేకొద్దీ వాలు మీది గాలి వేడెక్కి పైకి పోతుంది, మూడు దాటాక చల్లబడి కిందికి జారుతుంది. మిట్టకు దగ్గరగా కట్టిన మంచె మధ్యాహ్నం బాగా పనిచేసేదీ, సాయంత్రానికి మోసం చేసేదీ ఇందుకే. గాలి దిక్కు చూడటానికి వాడే పౌడర్ సీసా కంటే మిల్క్‌వీడ్ కాయలోని దూది జేబులో పెట్టుకోండి. మన జిల్లేడు దూది లాంటిదే, రెండూ ఒకే కుటుంబం. ఒక్కో పోగు వదిలితే వంద గజాల దాకా గాలి ఎటు తిరుగుతోందో కంటికి కనపడుతుంది. మొదటిసారి వదిలినప్పుడు నా పోగు 30 గజాలు ముందుకెళ్లి, గండి దగ్గర గిరుక్కున తిరిగి నా మొహం మీదికే వచ్చింది. ఆ చెట్టు మీద రెండేళ్లు ఎందుకు వృథాగా కూర్చున్నానో అప్పుడు తెలిసింది.

మన ఇళ్లకు మాత్రమే సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. పోపు. వంటింటి పక్కన క్లోజెట్‌లో వేలాడే జాకెట్ ఇంగువ, ఆవాల వాసన వారాల తరబడి మోస్తుంది. అగరొత్తులు సరేసరి. వేట బట్టలు సువాసన లేని సబ్బుతో ఉతికి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో గ్యారేజీలో పెట్టండి, అక్కడికెళ్లాకే తొడుక్కోండి. తెల్లగా మెరిపించే డిటర్జెంట్లు వద్దు. జింక కంటికి ఎరుపు, ఆరెంజ్ సరిగా ఆనవు గానీ నీలం బాగా కనపడుతుంది, ఆ మెరుపు పదార్థం దానికి నీలంగా తోస్తుంది. బ్లూ జీన్స్ కూడా అందుకే ఇంట్లో వదిలేయాలి. ఇంతచేసినా వాసన పూర్తిగా పోదు. గాలి తప్పుగా ఉన్న రోజు ఏ స్ప్రే కాపాడదు.

ఎక్కడం, కూర్చోవడం

రోజంతా కుదరదా? అయితే తెల్లారుజామున వచ్చి పదింటికి దిగిపోయే బదులు, తొమ్మిదిన్నరకు నెమ్మదిగా వెళ్లి రెండున్నర దాకా కూర్చోండి. ఆ వేళకు గాలి లేచి ఆకుల చప్పుడులో మీ అడుగులు కలిసిపోతాయి. పొద అంచుకు మరీ దగ్గరగా పోకుండా, వాగు వెంట నడిచి వెనక నుంచి చేరాలి. పిల్లల శనివారం క్లాసు దింపేసి వచ్చేవాళ్లకు కూడా ఇది కుదురుతుంది.

రోజంతా అయితే, నవంబర్ మధ్యలో సూర్యోదయం ఏడు దాటాక, అస్తమయం ఐదుంబావు ప్రాంతంలో. ఒహాయోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకా వేటాడొచ్చు. అంటే దాదాపు పదకొండు గంటలు.

హార్నెస్ గురించి, అంటే పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీల గురించి బతిమాలుతున్నాను. మంచె మీద నుంచి పడటమే ఈ వేటలో పెద్ద ప్రమాదం. నేల వదిలిన క్షణం నుంచి తిరిగి నేల తాకేదాకా తాడుకు కట్టుకునే ఉండాలి. క్రాస్‌బోని బాణం లేకుండా తాడుతో పైకి లాక్కోవాలి, భుజాన వేసుకుని ఎక్కకూడదు. ప్రభుత్వ అడవిలో చెట్టుకు మేకులు, స్క్రూలు దిగ్గొట్టొద్దు. ఏ చెట్టు మీద, ఎప్పటిదాకా ఉంటారో ఇంట్లో లొకేషన్ పంపండి.

చలి చంపేది కూర్చున్నాక కాదు, చెమటతో ఎక్కినప్పుడు. పలుచటి బట్టలతో నడిచి, పైకెక్కి పది నిమిషాలు ఆగి మందపాటివి తొడుక్కోండి. కాళ్లకింద చిన్న ఫోమ్ ముక్క పరిస్తే ఇనుప ప్లాట్‌ఫాం చలి పాదాలకు ఎక్కదు. తిండి విషయంలో నా పాఠం స్టీల్ క్యారియర్‌తో నేర్చుకున్నాను. మూత టంగుమంది, 60 గజాల దూరంలో డో బెదిరి తోక లేపింది. ఇప్పుడు పులిహోర మెత్తటి సిలికాన్ డబ్బాలో, ప్లాస్టిక్ చెంచాతో. జంతికలు, చిప్స్ కవర్లు వద్దు. మూత్రానికి వెడల్పు మూతి సీసా. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తల ఎత్తి చూడటానికి నిమిషానికోసారి గుర్తు చేసుకోవాలి. సరిగ్గా పన్నెండున్నరకు కునుకు వస్తుంది, ఆ టైంకి నేను నిలబడతాను.

పిలుపులు

వెతుకులాట రోజుల్లో గ్రంట్ పిలుపు, అంటే బక్ గుర్రుని అనుకరించే పిలుపు, పనిచేస్తుంది. దూరంగా నడిచిపోతున్న బక్ కనపడితే రెండు మూడు పొట్టి గుర్రులు వేసి, అది ఆగి ఇటు చూస్తే వెంటనే ఆపేయండి. చూస్తున్నదాన్ని మళ్లీ పిలిస్తే చోటు పసిగడుతుంది. పిలిచిన బక్ తిన్నగా రాదు, మీ గాలి దిగువకు చుట్టు తిరిగి వస్తుంది. అందుకే ముందు చెప్పిన వాగో పల్లమో అటువైపు ఉండాలి. రెండు కొమ్ముల్ని ఒకదానికొకటి కొట్టి పిలవడం కిక్కిరిసిన ప్రభుత్వ అడవిలో నేను చేయను. జింక కంటే ముందు ఇంకో వేటగాడు వస్తాడు.

వచ్చినప్పుడు

ఉడత ఆకుల్లో గంతులేస్తుంది, ఆగుతుంది, మళ్లీ గంతులేస్తుంది. ఎద మీదున్న బక్ నడక అలా ఉండదు. ఆగకుండా, తడబడకుండా, మనిషి పనిమీద పోతున్నట్టు వినిపిస్తుంది. నేను మొదటి మధ్యాహ్నపు బక్‌ని చూడకముందే విన్నాను. చూసేసరికి 40 గజాల్లో ఉంది, నోరు కొంచెం తెరిచి, వెనక కాళ్ల మడమల దగ్గర గ్రంథులు తారు పూసినట్టు నల్లగా. ఎనిమిది సెకన్లలో సందు దాటిపోతుంది. దాని తల చెట్టు మొద్దు చాటుకు వెళ్లిన క్షణంలో క్రాస్‌బో ఎత్తాను, సందులోకి రాగానే నోటితో "మ్యా" అన్నాను. ఆగింది.

అలా ఆపితేనే కొట్టండి. పూర్తి అడ్డంగా, లేదా కొద్దిగా అవతలికి తిరిగి ఉన్నప్పుడే. గురి ముందుకాలి వెనక, ఛాతీ కింది నుంచి మూడో వంతు ఎత్తున. ఎదురుగా ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు వద్దు. నా హద్దు 30 గజాలు.

కొట్టాక

మధ్యాహ్నం కొట్టడంలో ఉన్న గొప్ప సుఖం వెలుగు. వెతకడానికి ఇంకా నాలుగైదు గంటలుంది. అయినా వెంటనే దిగొద్దు. అది చివరిగా కనపడిన చెట్టుని గుర్తుపెట్టుకుని, అరగంట కూర్చోండి. తర్వాత బాణం చూడండి. నురగతో గులాబీ రంగు నెత్తురైతే ఊపిరితిత్తులు, వెనకే వెళ్లొచ్చు. చిక్కటి ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఆకుపచ్చ మరకా, పేడ వాసనా ఉంటే పేగులు. అప్పుడు చప్పుడు చేయకుండా ఇంటికెళ్లి కనీసం ఎనిమిది, పది గంటల తర్వాత రావాలి. తొందరపడి లేపితే ఇంకో మైలు పోతుంది, దొరకదు. నెత్తురు పడ్డ ప్రతిచోటా టాయిలెట్ పేపర్ ముక్క వేస్తూ పోతే వెనక్కి తిరిగి చూసినప్పుడు అది ఏ దిక్కున పోతోందో గీత గీసినట్టు తెలుస్తుంది.

దొరికాక పర్మిట్ ట్యాగ్ పని అక్కడికక్కడే పూర్తి చేయండి. మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోపు గేమ్ చెక్, అంటే కొట్టిన జింకని ప్రభుత్వానికి నమోదు చేయడం, కూడా చేయాలి, హంట్‌ఫిష్ ఓహెచ్ యాప్‌లో ఐదు నిమిషాల పని. పొట్ట వెంటనే తీయాలి, నవంబర్ మధ్యాహ్నం 55 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా మాంసం పాడవుతుంది. పేగు తెగకుండా రెండు వేళ్ల మధ్య కత్తి మొన పైకి పెట్టి కోయండి, చేతికి గ్లవ్స్ ఉండాలి.

సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే, జింకల మెదడును దెబ్బతీసే జబ్బు ఒహాయో అడవి జింకల్లో మొదట వయాండాట్ కౌంటీలో బయటపడింది. వండినా ఆ కారకం చావదు. పరీక్ష చేయించే వీలుంటే చేయించి, ఫలితం వచ్చేదాకా ప్యాకెట్ల మీద తేదీ రాసి ఫ్రీజర్‌లో ఉంచండి, బంధువులకు పంచొద్దు. ఆ తర్వాత వండేటప్పుడు మేకమాంసం లెక్క పనికిరాదు. ఇందులో కొవ్వు చాలా తక్కువ. వెన్ను ముక్కల్ని పెనం మీద కొద్దిసేపే వేయించాలి, ఎక్కువసేపు ఉంచితే తోలే. కాలి పిక్కలు మాత్రం కుక్కర్‌లో ఏడెనిమిది కూతలు వచ్చాక గానీ మెత్తబడవు.